కామా అక్క కొట్టేసిన పేజీ

నేను రాసిన మాటల్లో కామా మార్చినా ఊరుకోను. యూనిట్లో అందరూ నన్ను ‘కామా అక్క’ అంటారు, నా ఎదురుగానే. అననీ. నాలుగు నెలలు కూర్చుని రాసింది నేను, వాళ్ళు కాదు.

అలాంటిది, ఈ సినిమాలో తండ్రి వేషం వేస్తున్న పెద్దాయన నాలుగు రోజులుగా నా డైలాగు ఒక్కటీ రాసినట్టు చెప్పలేదు. “నా మీద కోపం పోలేదా?” అని రాస్తే “టీ చల్లారిపోతోంది” అంటాడు. “ఎలా ఉన్నావు తల్లీ?” అని రాస్తే “ఆ కిటికీ మూసెయ్యి, దుమ్ము” అంటాడు. డైరెక్టరేమో చప్పట్లు! “చూశావా అక్కా, కాగితం మీద లేనిది అక్కడికక్కడ పుట్టిస్తున్నారు. అదీ అనుభవమంటే!” అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ చప్పట్లకే నాకు ఒళ్ళు మండింది.

ఐదో రోజు మధ్యాహ్నం అసలు సీను. కూతురి పెళ్ళికి వెళ్ళని తండ్రి, పదేళ్ళ తర్వాత ఆమె ఇంటికి వచ్చి క్షమించమని అడగాలి. ఆ ఒక్క పేజీ కోసమే ఈ కథ మొత్తం రాశాను. దాన్ని కూడా టీ, కిటికీ చేస్తానంటే కుదరదని, అటో ఇటో తేల్చుకుందామని మేకప్ గదికి వెళ్ళాను.

తలుపు తోసేసరికి ఆయన అద్దం ముందు ఉన్నాడు. అద్దం చుట్టూ నా పేజీయే, బొటనవేలంత అక్షరాలతో, ముక్కలు ముక్కలుగా అతికించి ఉంది. అరచేతిలో కూడా రాసుకున్నాడు. చెమటకి సిరా కారిపోయింది.

“తప్పు నాది తల్లీ. ఆ రోజు...” అని ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ “ఆ రోజు” దగ్గరే ఆగాడు. నన్ను చూసి గబుక్కున చెయ్యి మూసేశాడు.

“పొద్దుటి నుంచి ఇదేనమ్మా. పట్టుకుంటాను, జారిపోతుంది.”

“మరి ఆ టీ, కిటికీ?”

“ఎదురుగా ఏది కనిపిస్తే అది అనేస్తున్నా. వాళ్ళేమో మెచ్చుకుంటున్నారు.” నవ్వబోయి మానేశాడు. “ఇదివరకైతే కెమెరా వెనక నుంచి ఎవరో ఒకరు గట్టిగా అందించేవారు. వినడం, అనడం, అంతే. గొంతు తర్వాత డబ్బింగులో కలిపేవాళ్ళు. ఇప్పుడేమో గొంతు కూడా ఇక్కడే రికార్డు చేస్తున్నారు, ఎవరూ దగ్గకూడదట. డైరెక్టరుకి చెప్పకమ్మా. తెలిస్తే ఇంటికి పంపేస్తారు. ఇంటికెళ్ళి నేనేం చెయ్యను? ఈ పని తప్ప నాకేం వచ్చు?”

కడిగేద్దామని వెళ్ళినదాన్ని, నాకే ఏడుపొచ్చింది. “చెప్పను బాబాయ్” అన్నాను. “ఆ కాగితాలు తీసేయండి. ఈ పూట మీరేదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.”

బయట మెట్ల మీద కూర్చుని నా పేజీని నేనే కొట్టేశాను. తండ్రి చెప్పాల్సిందంతా కూతురి నోట్లో పెట్టాను. కూతురి వేషం వేసే అమ్మాయికి ఒకటే చెప్పాను: “ఆయన ఏమన్నా కంగారుపడకు. ఏమీ అనకపోయినా ఆగకు. నువ్వు చెప్పుకుంటూ పో.”

డైరెక్టరు కొత్త కాగితం చూసి నోరెళ్ళబెట్టాడు. “కామా అక్కేనా పేజీ మార్చింది? సూర్యుడు పడమర పొడిచాడా ఇవాళ?”

“క్షమాపణ అడగడం ఆ తండ్రికి చేతకాదనిపించింది” అన్నాను.

షాట్ మొదలైంది. ఆయన టీ కప్పు వంక చూశాడు. కూతురి చేతి వంక చూశాడు. ఏమీ అనలేదు.

“ఆ రోజు బయల్దేరావు కదా నాన్నా?” అంది ఆ అమ్మాయి. “సగం దారి వచ్చి వెనక్కి వెళ్ళిపోయావు. నాకు తెలుసు.”

ఆయన కళ్ళు నిండాయి. “నువ్వే చెప్పమ్మా” అన్నాడు. “నేను వింటాను.”

అది నేను రాయలేదు.

కట్ చెప్పగానే డైరెక్టరు ఆయన్ని వాటేసుకున్నాడు. “స్క్రిప్టులో ఉందా అక్కా ఈ మాట?” అని నన్ను ఉడికించాడు. పళ్ళు బిగబట్టి “లేదు” అన్నాను. తర్వాత నా కాపీలో ఆ మాట నా చేత్తోనే రాసుకున్నాను.

సాయంత్రం కారెక్కుతూ పెద్దాయన నన్ను చెయ్యూపి పిలిచాడు. మొహం వెలిగిపోతోంది. నా చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

“ఇవాళ ఆ కూతురి మాటలు విన్నావా? ఎవరో గానీ ఎంత బాగా రాశారమ్మా! నీకు కనిపిస్తే నా మాటగా చెప్పు.”

“చెప్తాను బాబాయ్” అని కారు తలుపు వేశాను.