‘మేము’ అంటే ఎవరు?

యెరూషలేములోని మా దేవాలయం తగలబడిన నెలలో ఏటా ఒక పగలంతా ఉపవాసం ఉండి, కెబారు కాలువ గట్టు మీద కూర్చుని ఏడవడం మాకు ఆనవాయితీ అయింది. బబులోనువాళ్లు మమ్మల్ని బందీలుగా తమ దేశానికి తోలుకొచ్చి అప్పటికి ఏడేళ్లు. ఆ రోజు ప్రార్థన చెప్పేది మా పెద్ద హషబ్యా. యెరూషలేములో ఆయనది రాజుగారి వీధిలో మేడ. ఇక్కడ మాలాగే మట్టిల్లు. గడ్డం మాత్రం ఉపవాసం నాడు కూడా నూనె రాసి నున్నగా దువ్వి ఉండేది.

తిర్సా మా పక్కింటి మనిషి. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆ వారమే ఆమె మొగుడు కాలువలో పూడిక తీస్తుంటే గట్టు విరిగి నడుం మీద పడింది. మనిషి మంచం దిగలేకపోయాడు. వరసగా మూడోసారి అతని వంతే వచ్చింది మరి. వంతులు వేసే పనిని బబులోను అధికారి హషబ్యాకే అప్పజెప్పాడు. హషబ్యాకు మిగిలిన కొడుకులిద్దరూ అప్పటిదాకా పార ముట్టుకున్నది లేదు.

హషబ్యా చేతులెత్తి మొదలుపెట్టాడు. “మేము పాపం చేశాం. అందుకే యెహోవా మమ్మల్ని ఈ దేశానికి విసిరేశాడు. ఆయన తీర్పు న్యాయమైనది.”

అందరం ఆమేన్ అన్నాం. నేను కూడా అన్నాను.

“మేము అంటే ఎవరు?”

తిర్సా లేచి నిలబడింది. నేను చెంగు పట్టి లాగాను. విదిలించుకుంది.

“ఏమ్మా, ప్రార్థన మధ్యలో ఏంటిది?” అన్నాడు హషబ్యా మెల్లగా.

“నిన్నే అడుగుతున్నా. పాపం చేసింది ఎవరు?”

‘నిన్నే’ అన్న మాటకు జనం ఉలిక్కిపడ్డారు. ఒకప్పుడు ఆ నోటితోనే ఆయన్ని “అయ్యగారూ” అని పిలిచిన మనిషి తిర్సా.

కరువులో తిండి పెట్టలేక తండ్రి ఆమెనూ, ఆమె తమ్ముడు ఇత్రానునూ హషబ్యా ఇంట్లో దాసులుగా వదిలాడు. ఆరేళ్లు చేయించుకుని ఏడో ఏట వదిలేయాలని మా ధర్మశాస్త్రం. పదేళ్లయినా వదల్లేదు. బబులోను సేన కోటను చుట్టుముట్టాక గానీ పెద్దమనుషులకు దేవుడు గుర్తు రాలేదు. అప్పుడు ఒక దూడను రెండుగా కోసి, ఆ ముక్కల మధ్య నడిచి, దాసులందరినీ వదిలేస్తున్నామని ఒట్టు పెట్టుకున్నారు. తర్వాత మాకు సాయంగా ఐగుప్తు సేన వస్తోందని తెలిసి బబులోనువాళ్లు గుడారాలు ఎత్తేశారు. ఒట్టు అక్కడితో సరి. సొంత ఊరికి బయల్దేరిన అక్కాతమ్ముళ్లను హషబ్యా మనుషులు నగర ద్వారం దగ్గరే పట్టి కట్టేశారు.

“పద్దెనిమిది రోజులు,” అంది తిర్సా. “నేనూ మా తమ్ముడూ మాకు మేమై బతికింది అంతే. దూడ ముక్కల మధ్య నడిచింది నేనా? ఒట్టు తప్పింది నేనా? మరి నన్ను కూడా కలుపుకుని ‘మేము’ అంటావేంటి?”

“ఇప్పుడు అందరం ఒకటే కదమ్మా...”

“ఇప్పుడు ఒకటయ్యామా? పాపం పంచుకోవడానికి ఒకటి, పార పట్టడానికి కాదా? నీ కొడుకుల పేర్లు వంతుల్లో ఏవీ?”

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. హషబ్యా మొహం కందిపోయింది.

“నా మేడ కాలిపోలేదా? నా పెద్దకొడుకు కోట గోడ మీద చావలేదా? దేవుడు నన్ను శిక్షించలేదా?”

“శిక్షించాడు. బాగానే చేశాడు. మరి నన్నెందుకు ఈడ్చుకొచ్చాడు? నీ ఇల్లు కాల్చడానికి వచ్చిన నిప్పు నా ఒంటిమీద కూడా పడాలా? మా తమ్ముడేం చేశాడు? సేన మళ్లీ వచ్చాక రొట్టె ఇంటివాళ్లకే అన్నావు. వాడు నీ గుర్రాల కళ్లేల తోలు నమిలి నమిలి చచ్చాడు. ఇది న్యాయమైన తీర్పా? చెప్పమను ఆయన్ని!”

“దేవుణ్ణే నిలదీస్తోంది!” అని ఒక ముసలాయన చెవులు మూసుకున్నాడు. “దాని నోరు మూయించండ్రా!”

“ఏడేళ్లు మూసుకునే ఉన్నా, తాతా. ఇక నా వల్ల కాదు.”

ఇద్దరు మగవాళ్లు ఆమె రెక్క పట్టుకోబోయారు. అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి హషబ్యా భార్య సెరహు లేచింది. పదిమందిలో ఆమె గొంతు మేమెవరం విని ఎరగం.

“దాన్ని వదలండి. ఆ రోజు కొట్టు తాళం నా దగ్గరే ఉంది. లోపల అంజూరపు ముద్దలున్నాయి. ఆ పిల్లాడు వచ్చి తలుపు గీకాడు. అమ్మగారూ, అమ్మగారూ అన్నాడు. ఈయన తీయొద్దన్నాడు. నేను తీయలేదు.”

“కూర్చోవే!” అని అరిచాడు హషబ్యా.

“కూర్చోను. నువ్వే కూర్చో.”

ఆయన అటూ ఇటూ చూశాడు. ఆరేళ్లూ పదేళ్లూ ఇలాంటి ఇళ్లలో చాకిరీ చేసినవాళ్లు మాలో ఇరవైమంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరూ లేచి తిర్సా వెనక నిలబడ్డారు. ఆయన గట్టు దిగి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ఏడు ప్రార్థన సగంలోనే ఆగింది.

సెరహు ఏడుస్తూ తిర్సా దగ్గరికొచ్చి చేతులు పట్టుకోబోయింది. తిర్సా వెనక్కి జరిగింది.

“నిజం చెప్పావు, సరే. నన్ను ముట్టుకోకు,” అంది.

మర్నాడు పొద్దున్నే మేమంతా హషబ్యా వాకిట్లో కూర్చున్నాం. వంతులు మళ్లీ వేసేదాకా ఎవరమూ కాలువలోకి దిగలేదు. మధ్యాహ్నానికల్లా అధికారి కొరడా పట్టుకుని వస్తున్నాడని కబురొచ్చింది. పని ఆగితే ముందు అడిగేది తననే కాబట్టి హషబ్యా దారికొచ్చి వంతులు మళ్లీ వేశాడు. ఇద్దరు కొడుకులూ మోకాలిలోతు బురదలో పార పట్టారు. చిన్నవాడి చేతులు పొక్కులెక్కి నెత్తురు కారాయి. చూస్తే నాకు జాలేసింది. తిర్సాకు వెయ్యలేదు.

“కోపం తీరిందా?” అని అడిగాను ఆ సాయంత్రం పిండి పిసుకుతూ.

“ఎవరి మీద?” అంది. “ఆ ముసలోడు నాకు జవాబు చెప్పలేక ఇంటికి పారిపోయాడు. పైనున్నాయన ఇంకా నోరు విప్పలేదు.”

మరుసటి ఏడు ఉపవాసానికి తిర్సా అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చుంది. ప్రార్థన ఇంకెవరో చెప్పారు. ఆయన తీర్పు న్యాయమైనదన్న చోట మేమంతా ఆమేన్ అన్నాం. తిర్సా పళ్లు బిగబట్టి, తలెత్తి, ఆకాశంకేసి అలాగే చూస్తూ కూర్చుంది.