మెల్లగా చెప్పిన మాట

ముత్తవ్వ సంచిలో పాత చీర ముక్కలు, రొట్టె పొట్లం, చాయ్ ఫ్లాస్కు సర్దింది. కల్లు సీసా కూడా పెట్టి, మళ్లీ తీసి గూట్లో దాచింది. బోధన్‌లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక వాడలో ఆమె ఇల్లు. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టి మెడ ముందుకు వంగిపోయింది. ఆకు మడిచే బొటనవేలి గోరు అరిగి సగమైంది. ఆ రోజు బీడీల చాట ముట్టకుండానే నిజామాబాద్ బస్సెక్కింది.

అక్కడ దవాఖానలో కూతురు సుకన్య ఆడపిల్లను కని మూడో రోజు. బస్సులో ముత్తవ్వకు కుదురు లేదు. సుకన్యకు పన్నెండేళ్లప్పుడు, బీడీలు చుట్టి మెడ గుంజుతోందని ఏడిస్తే, మొదటి గ్లాసు కల్లు తనే పోసింది. అందులో మత్తుమందు కలుపుతారని వాడలో అందరికీ తెలుసు. ఒక్కరోజు తాగకపోతే చేతులు వణుకుతాయనీ తెలుసు. కడుపుతో ఉండి కూడా సుకన్య మానలేకపోయింది. దవాఖానలో పరీక్షలకు వెళ్లినప్పుడల్లా తాగనని చెప్పింది. తిడతారని అలా చెప్పమన్నది ముత్తవ్వే.

ముత్తవ్వ వార్డులోకి వెళ్లేసరికి సుకన్య చెమటలు కక్కుతూ మంచం కడ్డీ పట్టుకుని కూర్చుంది.

"తెచ్చినవా అవ్వ?"

"లేదు బిడ్డా. గిది దవాఖాన."

"నేర్పిందీ నువ్వే, ఇయ్యాల వద్దనేదీ నువ్వేనా?"

ముత్తవ్వ ఫ్లాస్కు మూత తిప్పి చాయ్ పోసింది.

పసిగుడ్డు అద్దాల గదిలో ఉంది. పాలు తాగడం లేదు. సన్నగా, ఆగకుండా ఏడుస్తోంది. కాళ్లూ చేతులూ వణుకుతున్నాయి. డాక్టరమ్మ ముత్తవ్వను పక్కకు పిలిచి, తల్లి ఏమైనా తాగేదా అని అడిగింది. తెలిస్తేనే పిల్లకు సరైన మందు ఇవ్వగలనంది, తల్లికీ ఇస్తానంది. ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కల్లు తాగుతది మేడం. రోజుకు నాలుగు సీసలు. దాని తప్పు గాదు, నేనే అలవాటు జేసిన."

డాక్టరమ్మ చీటీ రాసి సిస్టర్‌కు ఇచ్చింది. సిస్టర్ అది చదివి, వార్డంతా వినబడేలా అడిగింది.

"పదకొండో మంచం కల్లు కేసా? కడుపుల పిల్లకు గూడ పోసినవా తల్లీ?"

పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. సుకన్య మాత్రం తల్లి వైపే చూసింది.

మధ్యాహ్నానికి మందు పనిచేసి పిల్ల వణుకు తగ్గింది. మొదటిసారి పాలు తాగింది. ఆ సంగతి చెప్పాలని ముత్తవ్వ వార్డుకు ఉరికింది. మంచం ఖాళీగా ఉంది. సుకన్యకిచ్చిన మందు గోళీ దిండు పక్కన అలాగే ఉంది. చాయ్ తాగి వస్తానని చెప్పి పోయిందని పక్క మంచం ఆమె చెప్పింది. బస్టాండు దాకా, ఆ దారిలో ఉన్న కల్లు దుకాణాలన్నీ ముత్తవ్వ వెతికింది.

పిల్లకిప్పుడు నడక వచ్చింది. సుకన్య తిరిగి రాలేదు. పోయిన ఏడాది మాఘంలో, గురువారం, మధ్యాహ్నం రెండు గంటలకు వార్డు నుంచి వెళ్లిపోయింది.