ఎనభై ఏడో నంబరు మందు

దండపాణి 1931లో మద్రాసులో రసాయనశాస్త్రం చదువు ముగించి, మలేరియా చలిజ్వరానికి కొత్త మందులు కనిపెట్టే ఒక పరిశోధనశాలలో చేరాడు. అది విని సొంతవూరు అత్తిమంజేరిపేటలో అందరూ ఆయన డాక్టరయ్యాడనుకున్నారు. ఊరికి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు చెయ్యి చాపి నాడి చూడమనేవారు. "నేను డాక్టర్ని గాదు, డాక్టరిచ్చే మందును వండేవాణ్ణి" అని చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి నాడి పట్టుకుని, రాగిగంజి తాగమని పంపేయడం అలవాటు చేసుకున్నాడు.

మొదటి మూడేళ్ళూ నేలవేము, వేపపట్ట లాంటివి, ఊళ్ళల్లో జ్వరానికి తాగే ప్రతి చేదునూ మరగబెట్టి, వడగట్టి, జ్వరం ఎక్కించిన పక్షులకు పోసి చూశాడు. జ్వరం దేనికీ లొంగలేదు. తర్వాత చెట్లను వదిలేసి, తారులోంచి తీసే పదార్థాలతో మందులను తానే కట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో మందుకు ఒక్కో నంబరు. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా చాలా చిన్నది. అణువుకు తోకలా వేలాడే గొలుసు ఒక కణుపు పొడుగో పొట్టో అయ్యేది, అంతే. ఆ కణుపు మార్చడానికి ఒక నెల పట్టేది. నలభై రెండోది ఇచ్చిన కోడిపిల్లలన్నీ చచ్చిపోయాయి. అరవై ఒకటోది మంచినీళ్ళు తాగించినట్టే అయింది.

1942 ఏప్రిల్లో జపాను వాళ్ళు బాంబులు వేస్తారని మద్రాసు సగం ఖాళీ అయింది. పరిశోధనశాలను తిరువళ్ళూరులో మూతబడిన ఒక వడ్లమిల్లుకు మార్చారు. అక్కడ గ్యాసు లేదు, బొగ్గుల కుంపట్ల మీదే పని. గాజుసామాను మూడో వంతు రైల్లోనే పగిలిపోయింది. కోడిపిల్లల్ని చూసుకోడానికి పక్కవీధిలో కోళ్ళు పెంచి అమ్మే కస్తూరమ్మను కుదుర్చుకున్నారు. ఆమెకు యాభై దాటాయి, అక్షరం ముక్క రాదు. అయినా రెండు వందల పిల్లల్లో ఏది ఏ గంపలోదో కాలికి కట్టిన చీటీ చూడకుండానే చెప్పేది.

ఆ ఆగస్టులో ఎనభై ఏడో మందు పని చేసింది. జ్వరం ఎక్కించిన కోడిపిల్లల రక్తాన్ని గాజుపలక మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే నాలుగో రోజుకు ఒక్క జ్వరక్రిమి కూడా లేదు. దండపాణి నమ్మలేక మరో ముప్పై పిల్లలకు ఇచ్చి చూశాడు. మళ్ళీ అదే ఫలితం. పరిశోధనశాల పెద్ద వెంకటపతి గారు వచ్చి, వరసగా పన్నెండు పలకలు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పదకొండేండ్లయ్యా," అన్నారు.

అప్పటికి జావా జపాను చేతికి చిక్కి, అక్కడి నుంచి వచ్చే చలిజ్వరం మందు క్వినైను రావడం నిలిచిపోయింది. పోస్టాఫీసులో దొరికే క్వినైను పొట్లాలు కూడా మాయమయ్యాయి. వెంకటపతి గారు ఆవడిలోని మిలిటరీ డాక్టర్లకు రాశారు. సంక్రాంతి దాటాక యాభైమంది సిపాయిలకు ఇచ్చి చూస్తామని జవాబొచ్చింది. దండపాణి మాత్రం అంతకు ముందు కోడిపిల్లలకు ఆరు వారాల పాటు రోజూ మందు ఇచ్చి ఏమవుతుందో చూడాలన్నాడు. సరేనన్నారు.

ఆ పరీక్ష నడుస్తుండగా, కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం, అక్క వజ్రమ్మ వచ్చింది. ఊరి నుంచి, పెట్రోలు కరువై బొగ్గుతో నడిపే బస్సులో తిరుత్తణికి, అక్కడి నుంచి రైల్లో తిరువళ్ళూరికి. చెప్పులు విప్పకుండానే మిల్లు గుమ్మంలో నిలబడి అడిగింది.

"మీ బావకు నెలరోజులుగా చలిజొరంరా. దినం మార్చి దినం వస్తా ఉండాది. మనిషి పీనుగ మాదిరి అయిపోయినాడు. తిరుత్తణి ఆస్పత్రిలో క్వినైను లేదన్నారు. నీ మందేదో కుదిరిందంట గదా?"

"కోళ్ళకు కుదిరింది, అక్కా."

"కోళ్ళకు కుదిరితే మనిషికి కుదరదా?"

"కుదరొచ్చు. కుదరకపోవచ్చు. మనిషికి ఏం జేస్తుందో నాకింకా తెలీదు. తెలీకుండా బావకు యెట్లా ఇచ్చేది?"

దండపాణి చిన్నప్పుడే తల్లి పోతే పెంచినది వజ్రమ్మే. మద్రాసు చదువుకు పంపమని తండ్రితో పోట్లాడిందీ ఆమే. అవేవీ ఎత్తలేదు.

"శనివారం దాకా చూస్తా," అంది. "నువ్వు రా. మందు తెస్తావో వట్టి చేతులతో వస్తావో నీ ఇష్టం. ఆయన్ని కండ్లారా చూసి చెప్పు."

ఆమె సాయంత్రం బండికే వెళ్ళిపోయింది.

దండపాణికి రెండు రోజులు పని మీద మనసు నిలవలేదు. కోడిపిల్ల బరువుకు ఇచ్చిన మోతాదును మనిషి బరువుకు లెక్కగట్టి, అందులో సగం చేశాడు. శుక్రవారం ఉదయం ఆ సగాన్ని తూచి, ఐదు రోజులకు పది పొట్లాలు కట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే అది తప్పని తెలిసినట్టు లెక్క. తెలిసే పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం కస్తూరమ్మ లోపలికి వచ్చి నిలబడింది.

"అయ్యా, ఒక సంగతి. మూడో వరస గంపల్లో పిల్లలు గింజను తప్పి పొడస్తా ఉండాయి."

"అంటే?"

"గింజ ఇక్కడుంటే పక్కన నేలను పొడస్తాయి. నాలుగుసార్లు పొడిస్తే ఒకసారి దొరకతాది. మొన్నటి నించి చూస్తా ఉండా. ఆకలి లేక గాదు. కండ్లు సరిగా కానరాలేదనుకుంటా."

మూడో వరస గంపల్లోవి ఐదు వారాలుగా ఎనభై ఏడో మందు తింటున్న పిల్లలు. దండపాణి పోయి కూర్చుని నూకలు చల్లాడు. ఆమె చెప్పినట్టే ఉంది. ఒక పిల్లను చేతిలోకి తీసుకుని వాకిట్లో ఎండకు పట్టాడు. నల్లగా మెరవాల్సిన కంటిపాప మధ్యలో గంజినీళ్ళ చుక్కంత తెల్లదనం. ఇంకొకదాన్ని చూశాడు. మరొకదాన్ని. పద్దెనిమిదింటిలో పదకొండింటికి ఉంది.

ఇన్ని వారాలూ ఆయన చూసింది వాటి రక్తాన్నే.

సంచిలోంచి పది పొట్లాలూ తీసి, పొడిని మళ్ళీ సీసాలో పోసేశాడు. తిన్నగా వెంకటపతి గారి గదికి పోయి రెండు సంగతులూ చెప్పాడు, కోడిపిల్లల కళ్ళ సంగతీ, తాను కట్టుకున్న పొట్లాల సంగతీ.

వెంకటపతి గారు రెండోదాన్ని పక్కన పెట్టారు. మొదటిదాని గురించి వాదించారు.

"కోడి కన్ను వేరు, మనిషి కన్ను వేరు. సిపాయిలకు ఇచ్చేది ఐదు దినాలే గదయ్యా. ఆవడికి ఇప్పుడేమని రాసేది?"

"కుందేళ్ళకిచ్చి చూద్దాం. వాటికి రాకపోతే నేనే మొదట తింటాను. వస్తే మటుకు నిలిపేయాల."

పెద్దాయన చివరికి సరేనని, "మీ బావకేం చేస్తావు?" అని అడిగారు.

"రేపు ఊరికి పోతా సార్, వట్టి చేతులతోనే."

పోల్చి చూడడానికని పరిశోధనశాలలో కొంచెం క్వినైను బీరువాలో దాచి ఉండేది. వెంకటపతి గారు తాళం తీసి సగం తూచి ఇచ్చారు. దాంతో ఆ ఏడాది చేయాల్సిన రెండు పరీక్షలు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో పుస్తకంలో తన చేత్తోనే రాసి సంతకం పెట్టారు.

శనివారం దండపాణి ఊరికి పోయాడు. బావ ధనకోటి అరుగు మీద రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉన్నాడు. కళ్ళు పచ్చబడ్డాయి. వజ్రమ్మ పొట్లం విప్పి, నాలుకకు తాకించి చూసి, "ఇది క్వినైనే గదరా," అంది.

"అవునక్కా. నా మందుతో కోడిపిల్లలకు కండ్లు పోతా ఉండాయి. నిన్ననే తెలిసింది."

ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. "నిన్న తెలీకుంటే?"

"తెచ్చేసేవాణ్ణే. పొట్లాలు కట్టుకున్నా."

వజ్రమ్మ మందు కలపడానికి లోపలికి పోయింది. ధనకోటికి ఆరో రోజుకు జ్వరం విడిచింది. లేచి పొలానికి పోవడానికి మాత్రం మాఘమాసం వచ్చింది.

కుందేళ్ళ పరీక్షకు రెండున్నర నెలలు పట్టింది. ఎనిమిదింటిలో ఐదింటి కళ్ళు మసకబారాయి. అంతదాకా వాయిదా వేయించిన సిపాయిల పరీక్షను వెంకటపతి గారు ఆవడికి ఉత్తరం రాసి రద్దు చేయించారు. దండపాణి మందు అణువు తోకను ఒక్కో కణుపే కత్తిరిస్తూ పోయాడు. ఒక హద్దు దాటి పొట్టి చేస్తే కళ్ళు బాగుండేవి, జ్వరం తగ్గేది కాదు. పొడుగు చేస్తే జ్వరం తగ్గేది, కళ్ళు పోయేవి. రెంటికీ నడుమ దారి ఉంటుందనే ఆశతో మరో మూడేళ్ళు గడిపాడు. నూట ముప్పై నాలుగో నంబరు దాకా వెళ్ళాడు. దారి దొరకలేదు.

యుద్ధం అయిపోయాక పరదేశాల నుంచి మంచి మందులు వచ్చాయి. పరిశోధనశాల మద్రాసుకు తిరిగిపోయింది, చలిజ్వరం పని మూసేశారు. దండపాణి మొత్తం నూట ముప్పై నాలుగు మందుల వివరాలూ, ఏ తోక కంటికి ఏం చేస్తుందో పట్టికతో సహా రాసి అచ్చు వేయించాడు. అందులో కళ్ళ దోషాన్ని మొదట గుర్తించినది తిరువళ్ళూరు కస్తూరమ్మ అని ఒక వాక్యం ఉంది. అచ్చయిన కాయితం తీసుకుపోయి ఆమెకు చదివి వినిపించాడు. ఆమె విని, "నా పేరు ఇంగిలీసులో యెట్లుంటాది?" అని చూపించమంది. చూసి, దాన్ని మడిచి బియ్యం డబ్బాలో పెట్టుకుంది.

1947 వేసవిలో తిరుత్తణి స్టేషనులో రైలు కోసం కూర్చున్నప్పుడు, సాగనంపడానికి వచ్చిన ధనకోటి ఆయన్ని అడిగాడు.

"నీ మందు యేమైందిరా చివరికి?"

"పనికి రాలేదు, బావా."

"పదైదేండ్లు జేస్తివి గదా."

"చేసినా. ఇప్పుడు బోదకాలుకు మొదలుపెట్టినాం. మళ్ళీ ఒకటో నంబరు."

"మా పక్కింటాయనకు ఉండాదిరా బోదకాలు," అన్నాడు ధనకోటి. "కుదిరితే చెప్పు. తొందరేం లేదు."