లింజ్ కళ్లు

"ఈ ఏడు నీ బిస్కెట్లు వద్దులే రోజ్‌విటా. ఏమనుకోకు. మొగుణ్ణి వదిలేసి వచ్చిన మనిషి చేతివి చర్చి బల్ల మీద పెడితే నలుగురూ నాలుగు రకాలుగా అంటారు," అంది క్రెసెన్స్, గుమ్మంలోనే నిలబడి. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలూ చర్చిలో ఆడవాళ్లు పెట్టే కాఫీ విందుకు పెత్తనమంతా ఆవిడదే.

"వాడు నా చెయ్యి విరగ్గొట్టినప్పుడు ఆ నలుగురూ ఏమన్నారక్కా?"

క్రెసెన్స్ మంచులో నడుచుకుంటూ వెళ్లిపోయింది.

రోజ్‌విటా తలుపు వేసి వెన్న బయటికి తీసింది. బాదం పొడి, పిండి, పంచదార కలిపి ముద్ద చేసి కాసేపు చల్లటి వసారాలో పెట్టింది. పల్చగా ఒత్తి గుండ్రటి బిళ్లలు కోసింది. సగం బిళ్లలకు మూడేసి చిల్లులు పెట్టింది. జామ్ పూసిన మామూలు బిళ్ల మీద చిల్లుల బిళ్లను అతికిస్తారు. ఆ చిల్లుల్లోంచి జామ్ ఎర్రగా తొంగిచూస్తుందనే వాటిని, లింజ్ ఊరి పేరు కలిపి, లింజ్ కళ్లంటారు. కోపంలో మొదటి ట్రే మాడబెట్టింది. తనను తాను తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది.

అందరూ వారం ముందే జామ్ పూసి, డబ్బాల్లో మెత్తబడనిస్తారు. రోజ్‌విటా మాత్రం ఆదివారం పొద్దున, బయల్దేరే ముందు పూసింది.

ఆమె పళ్లెంతో చర్చి హాల్లో అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. తిన్నగా వెళ్లి బల్ల నడిమధ్యన పెట్టింది. క్రెసెన్స్ వచ్చి దాని మీద గుడ్డ కప్పింది. రోజ్‌విటా ఆ గుడ్డ తీసి, మడిచి, ఆవిడ చేతిలో పెట్టింది.

"వాటికి చలేం లేదక్కా."

ఎవరూ ముట్టుకోలేదు. రోజ్‌విటా అక్కణ్ణుంచి కదల్లేదు.

కిటికీ పక్క బెంచీ మీంచి ఓటిలియ లేచింది. రోజ్‌విటా వదిలేసిన మొగుడికి తల్లి. కర్ర పొడుచుకుంటూ వచ్చి ఒక బిస్కెట్ తీసి కొరికింది. ఆ కరకర హాలంతా వినబడింది.

"ఇంత గట్టిగా చేశావేమే! ఉన్న నాలుగు పళ్లూ ఊడగొడతావా?"

"మెత్తగా ఉండి ఉండి విసుగెత్తింది అత్తయ్యా."

ముసలావిడ ఆమెను ఎగాదిగా చూసింది. "ఆ విసుగేదో ఇంకాస్త ముందే రావాల్సింది. వాణ్ణి కన్నదాన్ని, నాకు తెలీదూ?" అంటూ రెండోది తీసుకుంది.

తర్వాత పోస్టుమాన్ భార్య వచ్చింది. ఆవిడ వెనకే మరో ఇద్దరు. క్రెసెన్స్ మాత్రం రాలేదు. బిస్కెట్లు సగానికి పైగా మిగిలిపోయాయి.

రోజ్‌విటా కోటు తొడుక్కుంది.

"నీ పళ్లెం?" అంది క్రెసెన్స్ ముక్తసరిగా.

"ఉండనీ. వచ్చే ఆదివారం మళ్లీ నింపుతాగా!"