మేనేజరు పచ్చిక

పొద్దున లేవగానే కాలనీలో ఎవరి తోట వాళ్ళు చూసుకుంటారు. గులాబీల మొదట్లో కలుపు పీకుతారు, నేలలోంచి తేలిన వస్తువులు ఏరుతారు. కింద గనిలో ఎవరు ఏది జారవిడిచినా, సరిగ్గా దాని పైనున్న తోటలో తేలుతుంది. గుండీకి వారం, కాగితానికి పదిహేను రోజులు. మట్టి తుడిచి, ఎవరిదో వాళ్ళ ఇంట్లో ఇచ్చి రావడం మర్యాద.

ఎర్ర పెంకుల ఇళ్ళు, నడుమెత్తు పొదల కంచెలు, వంపులు తిరిగిన వీధులు. కంపెనీ తన సిబ్బంది కోసం ముచ్చటపడి కట్టించిన కాలనీ అది. ఉద్యోగం పోయిందా, ఇల్లూ పోయినట్టే.

ఆ ముచ్చట చూస్తే సర్వేయరు భార్యకు ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. కిందటి వారానికి ముందు వారం, శుక్రవారం నాడు, పాత గనిలో నిలిచిన నీళ్ళు గోడ పగలగొట్టుకుని తూర్పు సొరంగంలో పడ్డాయి. ఆమె భర్తా, మరో నలుగురూ పోయారు. సర్వేయరు కొలతలు తప్పుగా తీశాడనీ, కొలతల పుస్తకం అతనితోనే నీళ్ళపాలైందనీ మేనేజరు రాసి పారేశాడు. ఈ శనివారం ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

పచ్చి అబద్ధం. ఆ పుస్తకం చూసి భోజనాల బల్ల మీద పటాలకు సిరా దిద్దింది ఆవిడే. "పాత గని నీళ్ళకు ఇంకా ముప్పై అడుగులే ఉంది, పని ఆపమని రాసి మేనేజరు చేత సంతకం పెట్టించాను. పుస్తకం ఆయన బల్ల మీదే ఉంది" అని చివరి రోజు అన్నం తింటూ భర్త చెప్పాడు.

"అమ్మాయ్, పెట్టెలు సర్దావా?" అని అత్తగారు అడిగింది.

"సర్దను, అత్తయ్యా. ఆయన మీద ఈ అబద్ధపు ముద్ర ఉండగా ఈ గుమ్మం దిగను."

గురువారం, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలూ తాళాలూ ఇచ్చే దీపాల గది గుమాస్తా వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు. "నీళ్ళు పడిన శుక్రవారం సాయంత్రం మేనేజరుగారు చంకలో పుస్తకంతో గనిలోకి దిగారమ్మా. ఉత్త చేతులతో పైకొచ్చారు. పాత పంపు సొరంగం తాళం తీసుకెళ్ళారు. నా పేరు చెప్పకండి, మాదీ కంపెనీ ఇల్లే."

అతని పిరికితనానికి ఆమెకు కోపం వచ్చింది. అయినా పటం పరిచింది. పంపు సొరంగం వెంట వేలు పోనిచ్చింది. ఆ గీత కాలనీ కిందుగా వచ్చి, మేనేజరు ఇంటి ముందు పచ్చిక కింద ఆగింది. ముప్పై ఏళ్ళుగా అందులోకి ఎవరూ పోలేదు, కాబట్టి ఆ పచ్చికలో ఏదీ తేలలేదు. మేనేజరు పటాలు విప్పి చూసే రకం కాదు, ఆ సొరంగం తన ఇంటి కిందికే వచ్చిందని అతనికి తెలీదు.

ఆ శుక్రవారానికి పదిహేను రోజులు నిండిన శనివారం పొద్దున, సామాను కోసం కంపెనీ బండి ఆమె గేటు దగ్గర ఆగింది. ఆమె భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఎత్తుకెళ్ళి, మేనేజరు పచ్చిక నడిమధ్య వేసుకుని కూర్చుంది.

వరండాలో టీ తాగుతున్న మేనేజరు, "పచ్చిక తొక్కకూడదని తెలీదామ్మా?" అన్నాడు.

"తెలుసండి. మావారిదొకటి రావాలి. రాగానే లేస్తాను."

మేనేజరు కప్పు కింద పెట్టాడు. "తోటమాలీ, ఈవిణ్ణి బయటికి పంపు."

తోటమాలి కదల్లేదు. ఆమె కాళ్ళ దగ్గర గడ్డి ఉబ్బడం అతను అప్పటికే చూశాడు. మెల్లగా అట్ట మూల ఒకటి పైకొచ్చింది, తర్వాత పుస్తకమంతా. తువ్వాలుతో తుడిచాడు.

"అది కంపెనీది. ఇలా తే" అన్నాడు మేనేజరు.

"తేలినది ఎవరిదో వాళ్ళ ఇంటికే ఇవ్వాలండి" అని తోటమాలి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె నిలబడి గట్టిగా చదివింది. "ముప్పై అడుగులే మిగిలింది. పని వెంటనే ఆపాలి." పుట తిప్పి చూపించింది. "ఈ సంతకం ఎవరిదండి?"

కంచె అవతల, గనిలో పోయిన మిగతా నలుగురి భార్యలు వచ్చి నిలబడ్డారు.

"నేను చదవలేదు. సంతకం పెట్టానంతే" అన్నాడు మేనేజరు.

ఎదురింటి గుమ్మంలోంచి దీపాల గది గుమాస్తా దిగి వచ్చి, మేనేజరు గేటు రెండు తలుపులూ బార్లా తెరిచాడు.

"బండి ఎంతసేపు ఆపమంటారమ్మా?" అని వీధిలోంచి బండివాడు కేకేశాడు.

"ఇటు తోలుకురా" అందామె. "ఎక్కించాల్సిన సామాను ఈ ఇంట్లో ఉంది."