గున్నేశ్వరరావు గొంతు

నేను ఒక తగరపు బాకాను. మద్రాసులో మస్తాన్ సాయిబు ఒక కిరసనాయిలు డబ్బాను కోసి, చుట్టి, అతికించి, నాకు ఒక పక్క ఇరుకు నోరు, మరో పక్క వెడల్పు నోరు పెట్టాడు. అన్ని సుత్తి దెబ్బలు తిన్నదానికి అరవడం తప్ప ఇంకేం వస్తుంది చెప్పండి!

నన్ను కొన్నది మూకీ చిత్రాల దర్శకుడు నాయుడు గారు. మూకీలో ఎంత గోల చేసినా తెర మీదకు రాదు కదా! అందుకని కెమెరా తిరుగుతుండగానే ఆయన నాలోంచి "నవ్వు! ఏడు! గోడ దూకు!" అని కేకలేసేవారు. దూకేవాడు మా కథానాయకుడు గున్నేశ్వరరావు. కొవ్వూరు మనిషి, ఆరడుగుల అందగాడు. రోజుకు పది కత్తియుద్ధాలాయె, ఊపిరి దాచుకోవడానికి పెదాలు కదిపేవాడే గాని గొంతు పెగల్చేవాడు కాదు. పదేళ్లు అలాగే ఏలాడు.

ఇంతలో టాకీలు వచ్చిపడ్డాయి! అతనికి గొంతు పరీక్ష పెట్టారు. మైకు ముందు కళ్లెర్రజేశాడు, తొడ గొట్టాడు, పెదాలు బ్రహ్మాండంగా కదిపాడు. మాట ఒక్కటీ బయటకు రాలేదు! అలవాటు అంత పని చేసింది. ఇంజనీరు తన యంత్రమే చెడిందనుకుని రెండుసార్లు విప్పి చూసుకున్నాడు. నాకు నవ్వూ ఆగలేదు, జాలీ ఆగలేదు.

"నీకు గొంతు లేదయ్యా," అన్నారు నాయుడు గారు. "ఇక షూటింగులో కేకలెయ్యకూడదంట. ఈ బాకా కూడా నువ్వే పట్టుకుపో."

ఒకే రోజు ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయి. చివరికి తణుకులో ఒక డేరా సినిమాలో చేరాం. అతను గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు, నేను మేకుకు వేలాడేదాన్ని. నాలోంచి జనాన్ని పిలవమని యజమాని చెబితే "నాకు గొంతు లేదండి" అనేవాడు. ఆ మాట నిజమని నమ్మేశాడు. నా బాధల్లా అదే.

ఒక సాయంత్రం కొత్త టాకీ. డేరా కిటకిటలాడుతోంది. కట్టేసి ఉన్న కథానాయకుడు దుర్మార్గుణ్ణి నిలదీసే ఘట్టంలో శబ్దం ఆగిపోయింది! బొమ్మ ఆడుతోంది, మాట లేదు. జనం ఈలలేస్తూ బెంచీలెత్తారు. గున్నేశ్వరరావు నన్ను మేకు మీంచి లాగి, తెర పక్కకు పరుగెత్తాడు. పెదాలు చదవడం అతనికి రాకపోతే ఇంకెవరికి వస్తుంది! అక్కడ పెదవి కదలడం ఆలస్యం, ఇక్కడ నేను మోగుతున్నాను. "ఓరి ద్రోహీ! కట్లు విప్పి చూడరా, చెబుతాను నీ సంగతి!" అబ్బ, ఏం గొంతు! పదేళ్లు దాచిన ఊపిరంతా నాలోంచి పోతుంటే నా అతుకులు ఊడతాయేమో అనుకున్నాను. నాయిక ఏడుపు కూడా అతనే ఏడ్చాడు. అంతలో యంత్రం బాగుపడి పలికింది.

"ఆ మిషను ఆపండెహె! ఆయన్నే చెప్పనివ్వండి!" అని డేరా అంతా ఒక్కటే అరుపు.

ఇప్పుడు పాత సామాన్ల కొట్లో తుప్పు పడుతున్నాను. అయినా ఆ సాయంత్రం తలపుకొస్తే మళ్లీ మోగాలనిపిస్తుంది. బొమ్మ అయిపోయాక అతను నన్నెత్తి, "నా గొంతు బాగుందాండీ?" అని అడిగాడు. ఆ వచ్చిన జవాబుకు డేరా గుంజలు ఊగాయి. అతను నన్ను నోటి దగ్గర్నుంచి తీసి, వెడల్పు నోటిని జనం వైపే ఉంచి, ఇరుకు నోటిని తన చెవికి ఆనించుకున్నాడు.