సాక్ష్యంలో చెప్పని మాట

ఆదివారం పొద్దున రెబెకా పిడికిలి బియ్యం చెరుగుతోంది. సంఘంలోని ఆడవాళ్ళు ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేరిట తీసిపెట్టే గుప్పెడు బియ్యం అది. ఇంటికో రకం. ఒకటి ఉడికేలోపు ఇంకొకటి చిమిడిపోతుంది. రాళ్ళు ఏరేది ఆమె, వండేది ఆమె, పలుకుందని మాట పడేదీ ఆమే. నడుం నొప్పంటే, దేవుని పనికి నొప్పేందంటాడు మొగుడు, పాస్టరు ఇమ్మానుయేల్.

ఈరోజు చెయ్యాడటం లేదు. గురువారం ఇదే చాట ముందుకొచ్చి నిలబడింది ఒక పిల్ల, చంకలో జ్వరంతో కాలిపోతున్న బిడ్డతో. ముదిగుబ్బ దగ్గర ఇటుకబట్టీలో కూలి. బెంగాలీ మాట, దేశం సరిహద్దుకు అవతలి ఊరు, కాగితాలు లేవు. పోలీసులు వస్తారని బట్టీ యజమాని తరిమేశాడు. బిడ్డకు తగ్గేదాకా మందిరం వరండాలో పడుకుంటామని వచ్చీరాని తెలుగులో అడిగింది.

ఇమ్మానుయేల్ గడప దాటలేదు. రెబెకానే లోపలికి పిలిచాడు.

"మన మందిరానికే పట్టా లేదు. కాగితాల్లేనోళ్ళను పెట్టుకుంటే మననే లేపుతారు. నువ్వే చెప్పి పంపీ. ఆడదానికి ఆడది చెప్తే బాగుంటాది."

చెప్పింది. వరండా గ్రిల్లుకు తాళం కూడా తనే వేసింది.  ఆ పిల్ల బిడ్డ తలకు కొంగు కప్పి రోడ్డెక్కింది.

కువైట్లో ఇంటిపనికి కుదిరిన చోట దెబ్బలకు తాళలేక రెబెకా పారిపోయిననాడు పాస్‌పోర్టు ఆ ఇంటి బీరువాలోనే ఉండిపోయింది. ప్రార్థనలో కలిసిన మలయాళీ నర్సు తన గదిలో దాచి అన్నం పెట్టింది, కాగితాలడగలేదు. అలా దాక్కొని చేసిన పాచిపనితోనే ఇక్కడ మందిరం గోడలు లేచాయి. సంఘం ముందు లేచి చెప్పే సాక్ష్యంలో మాత్రం దేవుడు క్షేమంగా తెచ్చాడనే చెబుతుంది. పాస్టరమ్మ పారిపోయిందంట అని నవ్వుతారని మిగతాది మొగుడే కోసేశాడు.

ఈ ఆదివారం ఇమ్మానుయేల్ ప్రసంగం పరదేశులను ఆదరించడం గురించే. అందరూ ఆమెన్ అన్నారు. సాక్ష్యాలకు రెబెకా లేచింది.

"కువైట్లో నాకూ కాగితాల్లేవు. ఒకామె దాచిపెట్టింది గాబట్టి బతికినా. గురువారం ఒక బిడ్డతల్లి వస్తే తాళమేసింది నేనే."

ఇమ్మానుయేల్ గబగబా పాట ఎత్తుకున్నాడు. ఎవరూ అందుకోలేదు. వెనక చాప మీదినుంచి మారెక్క అంది: "కదిరి బస్టాండులో ఉండాదమ్మా. పొద్దున చూసినా. బిడ్డకింకా జరమే."

రెబెకా బొడ్లోని తాళంచెవి తీసి మారెక్క చేతిలో పెట్టింది. వరండా తెరిచి, పిడికిలి బియ్యంతో గంజి కాయమంది.

"యాడికి పోతాండావ్?" మైకు పక్కకు పెట్టి అడిగాడు ఇమ్మానుయేల్.

రెబెకా చెప్పులేసుకుంటూనే అంది.

"పిల్చుకొస్తాను. ఆ పొద్దు పేరు కూడా అడగలేదు."